జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్

సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ (1849 నవంబరు 29 - 1945 ఏప్రిల్ 18) ఇంగ్లాండుకు చెందిన విద్యుత్ శాస్త్రవేత్త, ఇంజనీరు, ఆచార్యుడు. 1904లో ఈయన కనిపెట్టిన రెండు ఎలక్ట్రోడుల వాల్వు (డయోడు) ఎలక్ట్రానిక్స్ శాస్త్రానికి తొలి మెట్టుగా పరిగణింపబడుతుంది. పాఠశాల విద్యార్థులకు ఈయన పేరు ఎడమచేతి నిబంధన, కుడిచేతి నిబంధనల ద్వారా సుపరిచితం. పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వేరొక వ్యక్తి. ఆయన స్కాట్లండుకు చెందిన వైద్య శాస్త్రవేత్త.

ఫ్లెమింగ్ తన వాల్వును నిస్తంత్రీ సంకేతాలను గుర్తించటానికి తయారుచేసాడు. ఆ పనిలో దానిని కొద్ది సంవత్సరాలలోనే ఇతర సాధనాలు వెనుకకు నెట్టివేసాయి. కాని ఏకాంతర విద్యుత్తును (ఏ.సి.) ఏకముఖ విద్యుత్తుగా (డి.సి.) మార్చే రెక్టిఫయరుగా అదే వాల్వు రేడియోలలోను, యాంప్లిఫయర్లలోను దశాబ్దాల పాటు నిలిచింది. నేటికీ ఇంట్లో యాంప్లిఫయర్ తయారుచేసుకునేవారు దాని పవర్ సప్లైని ఎంచుకునేటప్పుడు ఆలోచించవలసిన ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ అనే రెండు భాగాలూ ఫ్లెమింగ్ జీవితకాలం పరిశోధించిన విషయాలే.

బాల్యం, విద్యాభ్యాసం

ఫ్లెమింగ్ ఇంగ్లాండు వాయవ్య భాగంలోని లాంకాస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ ఫ్లెమింగ్ క్రైస్తవ మత బోధకుడు. తల్లి మేరీ ఆన్. ఏడుగురు సంతానంలో ఈయన పెద్దవాడు. ఈయన చిన్నతనంలోనే కుటుంబం లండన్‌కు తరలివెళ్ళింది. పదకొండేళ్ళ వయసుకే ఇంట్లో తనకంటూ ఒక చిన్న పనిశాలను ఏర్పరచుకుని నమూనా పడవలు, యంత్రాలు చేసేవాడు. ఫొటోలు తీసే కెమెరాను కూడా స్వయంగా తయారుచేసుకున్నాడు. ఫొటోగ్రఫీ మీద అప్పుడు కలిగిన ఆసక్తి చివరివరకు ఈయనను విడిచిపెట్టలేదు.

యూనివర్సిటీ కాలేజి స్కూలులో చదివిన తరువాత లండన్ యూనివర్సిటీ కాలేజిలో చేరాడు. కుటుంబ ఆర్థిక పరిస్థితి అంతంతమాత్రం కావటంతో మధ్యలో చదువు ఆపి ఉద్యోగం చేయవలసి వచ్చింది. రెండేళ్ళపాటు స్టాక్ ఎక్స్ఛేంజికి చెందిన ఒక సంస్థలో గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రం వేళల్లో చదువుకుని 1870లో బి.ఎస్సీ. పట్టం పొందాడు. ఆ తరువాత పాఠశాలల్లో విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుడిగా పనిచేసాడు. 1874లో కొత్తగా ఏర్పడిన లండన్ ఫిజికల్ సొసైటీ మొదటి సమావేశంలో చదివిన మొట్టమొదటి పత్రం ఫ్లెమింగ్‌దే.

ఉపాధ్యాయ వృత్తిలో కూడబెట్టిన సొమ్ముతో 1877లో, దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజిలో తిరిగి విద్యార్థిగా చేరాడు. విద్యుదయస్కాంత సిద్ధాంతకర్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అప్పుడు కావెండిష్ ప్రయోగశాలకు అధిపతి. మాక్స్‌వెల్ పాఠాలు కఠినంగా ఉండటంతో వినేవారు చాలా కొద్దిమంది ఉండేవారు. కొన్ని తరగతులకు ఫ్లెమింగ్‌తో కలిపి ఇద్దరే హాజరయ్యేవారు. 1879లో మాక్స్‌వెల్ మరణించాడు. ఆయన చివరి పాఠాలు విన్న అతికొద్దిమంది విద్యార్థులలో ఫ్లెమింగ్ ఒకడు. విద్యుత్తును ఖచ్చితంగా కొలిచి చూడటం అనే అలవాటు ఈయనకు కావెండిష్ ప్రయోగశాలలోనే అబ్బింది.

ఎడిసన్ కంపెనీలో

1881లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజిలో భౌతికశాస్త్రం, గణితశాస్త్రాల ఆచార్యుడిగా నియమితుడైనా, ఎక్కువ కాలం అక్కడ ఉండలేదు. 1882లో లండన్‌లోని ఎడిసన్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీకి విద్యుత్ సలహాదారుగా చేరాడు. ఇంగ్లాండులో విద్యుద్దీపాలు అప్పుడప్పుడే ప్రవేశిస్తున్న కాలమది. ఆ కంపెనీ దీపాలలో వస్తున్న ఒక లోపాన్ని పరిశీలించటం ఈయన పనులలో ఒకటి. కొంతకాలం వెలిగిన తరువాత గాజు బుడ్డి లోపలి భాగం నల్లబడేది. ఆ నలుపులో ఒకచోట సన్నని గీత మాత్రం తెల్లగా మిగిలి ఉండటాన్ని ఫ్లెమింగ్ గమనించాడు. వేడెక్కిన కార్బన్ తీగ నుండి ఏవో కణాలు సరళరేఖలో వెలువడి, తీగ మరొక వైపు అడ్డువచ్చిన చోట నీడ వదులుతున్నాయని ఆయన గ్రహించాడు.

అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఇదే సమస్యను పరిశోధిస్తూ, బుడ్డిలో తీగతో పాటు ఒక లోహపు రేకును కూడా అమర్చి చూసాడు. రేకును బ్యాటరీ ధన ధ్రువానికి కలిపినప్పుడు శూన్యం గుండా కొద్దిపాటి విద్యుత్తు ప్రవహించింది. ఋణ ధ్రువానికి కలిపినప్పుడు ప్రవహించలేదు. దీనికి ఎడిసన్ ప్రభావం అని పేరు వచ్చింది. దాని కారణం అప్పటికి ఎవరికీ తెలియదు, ఎలక్ట్రాన్ అనే భావనే ఇంకా రూపుదిద్దుకోలేదు. ఫ్లెమింగ్ 1880, 1890 దశకాలలో ఈ ప్రభావం మీద పలు ప్రయోగాలు చేసి పత్రాలు ప్రచురించాడు. అయితే దానివల్ల ప్రయోజనం ఏమిటో ఈయనకు కూడా చాలాకాలం తోచలేదు.

ఆచార్యుడిగా

1885లో లండన్ యూనివర్సిటీ కాలేజిలో విద్యుత్ సాంకేతిక శాస్త్రానికి కొత్తగా ఏర్పరచిన పీఠానికి ఆచార్యుడయ్యాడు. ఇంగ్లాండులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగుకు ఇదే మొదటి ఆచార్య పదవి. ఆరంభంలో కళాశాల ఈయనకు ఇచ్చిన పరికరాలు ఒక నల్లబల్ల, సుద్దముక్క మాత్రమే. ప్రయోగశాలను ఈయన క్రమక్రమంగా సమకూర్చుకున్నాడు. 1926లో పదవీ విరమణ చేసేవరకు నలభై ఏళ్ళకు పైగా ఇదే కళాశాలలో బోధించాడు.

మోటారులో తీగ ఏ దిక్కుకు కదులుతుంది, జనరేటరులో విద్యుత్తు ఏ దిక్కుకు ప్రవహిస్తుంది అనే విషయంలో విద్యార్థులు తరచు తికమకపడేవారు. వారి సౌకర్యార్థం ఈయన చేతివేళ్ళతో గుర్తుంచుకునే రెండు నిబంధనలు రూపొందించాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదానికొకటి లంబంగా చాచినప్పుడు చూపుడువేలు అయస్కాంత క్షేత్ర దిశను, మధ్యవేలు విద్యుత్ప్రవాహ దిశను, బొటనవేలు కదలిక దిశను సూచిస్తాయి. మోటారుకు ఎడమచేయి, జనరేటరుకు కుడిచేయి వాడాలి. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ నిబంధనలు నేటికీ ఈయన పేరుతోనే ఉన్నాయి.

ట్రాన్స్‌ఫార్మర్ పరిశోధనలు

1880 దశకంలో విద్యుత్ సరఫరా ఏ.సి. పద్ధతిలో ఉండాలా, డి.సి. పద్ధతిలో ఉండాలా అని తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. ఏ.సి. పద్ధతికి ఆయువుపట్టు ట్రాన్స్‌ఫార్మర్. ఎడిసన్ కంపెనీ డి.సి. పక్షం వహించింది. అయినా ఫ్లెమింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను శాస్త్రీయంగా అధ్యయనం చేసి, ఏకాంతర విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధాంతం, ఆచరణలపై రెండు సంపుటాల గ్రంథాన్ని 1889, 1892 మధ్య వెలువరించాడు. వివిధ తయారీదారుల ట్రాన్స్‌ఫార్మర్లను ప్రయోగశాలలో పరీక్షించి, వాటి ఇనుప గర్భంలోను, రాగి చుట్లలోను ఎంత శక్తి వృథా అవుతున్నదో కొలిచి 1892లో ఇంజనీర్ల సంఘానికి నివేదించాడు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

మార్కోనీతో సంబంధం

1899లో మార్కోనీ కంపెనీకి శాస్త్రీయ సలహాదారు అయ్యాడు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా నిస్తంత్రీ సంకేతాలను పంపాలని గూగ్లియెల్మో మార్కోనీ సంకల్పించాడు. అప్పటివరకు వాడిన ప్రసార యంత్రాలు ప్రయోగశాల బల్లపై ఇమిడే బ్యాటరీలు, ఇండక్షన్ కాయిల్‌లతో నడిచేవి. సముద్రం దాటటానికి ఆ శక్తి చాలదు. కార్న్‌వాల్ తీరంలోని పోల్డూ కేంద్రానికి విద్యుత్ శక్తి యంత్రాంగాన్ని ఫ్లెమింగ్ రూపొందించాడు. 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్ ఇచ్చే 2,000 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ల ద్వారా 20,000 వోల్టులకు పెంచి కండెన్సర్లను నింపే పద్ధతి అది. 1901 డిసెంబరు 12న ఆ కేంద్రం పంపిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నట్లు మార్కోనీ ప్రకటించాడు. కీర్తి అంతా మార్కోనీకి దక్కింది. తన పాత్రకు తగిన గుర్తింపు రాలేదనే బాధ ఫ్లెమింగ్‌కు మిగిలిపోయింది.

1903 జూన్‌లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ నిస్తంత్రీ ప్రసారంపై ఉపన్యసిస్తూ, మార్కోనీ పంపే సందేశాన్ని సభలో అందుకునే ప్రదర్శన ఏర్పాటు చేసాడు. మార్కోనీకి పోటీదారుల పక్షాన ఉన్న నెవిల్ మాస్కెలీన్ అనే ఐంద్రజాలికుడు సమీపం నుండి తన యంత్రంతో ఎగతాళి సందేశాలను చొప్పించాడు. వినికిడి తక్కువగా ఉన్న ఫ్లెమింగ్ దానిని గమనించలేదు; ఈయన సహాయకుడు గమనించాడు. తరువాత ఫ్లెమింగ్ టైమ్స్ పత్రికకు ఆగ్రహంతో లేఖ రాయగా, నిస్తంత్రీ సందేశాలు గోప్యంగా ఉండవని నిరూపించటానికే ఆ పని చేసానని మాస్కెలీన్ బదులిచ్చాడు. ఆ సంవత్సరాంతంలో మార్కోనీ కంపెనీతో ఫ్లెమింగ్ ఒప్పందం ముగిసింది. 1905లో తిరిగి కుదిరింది.

వాల్వు ఆవిష్కరణ

ఆనాడు నిస్తంత్రీ సంకేతాలను గుర్తించే సాధనాలు నమ్మకంగా పనిచేసేవి కావు. వాటిలో మెరుగైన మాగ్నెటిక్ డిటెక్టరుతో సంకేతాన్ని టెలిఫోన్‌లో చెవితో వినవలసి వచ్చేది. వినికిడి క్రమంగా తగ్గుతున్న ఫ్లెమింగ్‌కు ఇది ఇబ్బందికరం. సంకేతాన్ని కంటితో చూడటానికి వీలుగా గాల్వనోమీటరు ముల్లును కదిలించే సాధనం కావాలని ఈయన కోరుకున్నాడు. కాని ఏరియల్‌లో వచ్చే విద్యుత్తు సెకనుకు లక్షలసార్లు దిక్కు మార్చుకుంటుంది. గాల్వనోమీటరు ముల్లు అంత వేగాన్ని అనుసరించలేక సున్న వద్దనే ఉండిపోతుంది. ఆ విద్యుత్తులో ఒక దిక్కు ప్రవాహాన్ని ఆపివేసి, రెండవ దిక్కు ప్రవాహాన్ని మాత్రమే పోనిస్తే ముల్లు కదులుతుంది.

1904 అక్టోబరులో ఫ్లెమింగ్‌కు తాను ఎన్నో ఏళ్ళ క్రితం పరీక్షించిన ఎడిసన్ ప్రభావపు దీపాలు గుర్తుకు వచ్చాయి. బీరువాలో దాచిన ఆ పాత దీపాలను తీసి ప్రయోగం చేయగా ముల్లు కదిలింది. నీరు ఒకవైపుకే పోనిచ్చే కవాటంలాగా పనిచేస్తున్నందున దానికి ఆసిలేషన్ వాల్వు అని పేరు పెట్టాడు. 1904 నవంబరు 16న బ్రిటిష్ పేటెంటుకు దరఖాస్తు చేసాడు. అమెరికా పేటెంటు 1905 నవంబరు 7న లభించింది.

వాల్వు పనిచేసే విధానం సరళమైనది. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఫిలమెంటు, దాని చుట్టూ లేదా పక్కన ప్లేటు (ఆనోడు) ఉంటాయి. ఎర్రగా కాలిన ఫిలమెంటు నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. ప్లేటు ధనావేశంతో ఉంటే అది ఎలక్ట్రానులను ఆకర్షించి విద్యుత్తును పోనిస్తుంది. ఋణావేశంతో ఉంటే వికర్షిస్తుంది కనుక విద్యుత్తు ఆగిపోతుంది. చల్లని ప్లేటు నుండి ఎలక్ట్రానులు వెలువడవు కాబట్టి ఎదురు ప్రవాహం ఉండదు.

ఇదే 1904లో జర్మనీలో ఆర్థర్ వెనెల్ట్ కూడా ఆక్సైడు పూసిన కాథోడు గల గొట్టాన్ని, సాధారణ ఏ.సి.ని డి.సి.గా మార్చటానికి పేటెంటు చేసాడు. ఫ్లెమింగ్ ప్రత్యేకత ఈ సూత్రాన్ని నిస్తంత్రీ తరంగాల అత్యధిక పౌనఃపున్యానికి అన్వయించటం.

డి ఫారెస్టుతో వివాదం

అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ 1906లో ఆడియాన్ అనే గొట్టాన్ని ప్రకటించాడు. కొద్దికాలంలోనే ఫిలమెంటు, ప్లేటు మధ్య గ్రిడ్ అనే మూడవ ఎలక్ట్రోడును చేర్చి 1908లో పేటెంటు పొందాడు. గ్రిడ్ మీద స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు విద్యుత్తులో పెద్ద మార్పును కలిగిస్తుంది. బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్ దీనివల్లనే సాధ్యమయింది. ఫ్లెమింగ్ వాల్వుకు సంకేతాన్ని పెద్దది చేసే శక్తి లేదు. డిటెక్టరుగా కూడా చౌకయిన స్ఫటిక డిటెక్టర్లు 1906 నుండి దానికి గట్టి పోటీ ఇచ్చాయి.

ఆడియాన్ తన వాల్వుకు అనుకరణ మాత్రమేనని ఫ్లెమింగ్, తనది స్వతంత్ర ఆవిష్కరణ అని డి ఫారెస్ట్ వాదించుకున్నారు. ఈ వైరం ఇద్దరి జీవితకాలంలో సమసిపోలేదు. మార్కోనీ కంపెనీ వేసిన దావాలో 1916లో అమెరికా న్యాయస్థానం ఆడియాన్ ఫ్లెమింగ్ పేటెంటును ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. మరొక వైపు గ్రిడ్ పేటెంటు డి ఫారెస్టుది. ఫలితంగా ఆ దేశంలో ఒకరి అనుమతి లేకుండా మరొకరు మూడు ఎలక్ట్రోడుల వాల్వులను తయారుచేయలేని విచిత్ర పరిస్థితి ఏర్పడింది.

కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం పేటెంటు హక్కులు మార్కోనీ కంపెనీకి చెందాయి. ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో తయారైన వాల్వుల వల్ల తనకు ప్రతిఫలం దక్కలేదని ఫ్లెమింగ్ తరువాత విచారం వ్యక్తపరిచాడు. 1943 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు ఆయన అమెరికా పేటెంటు చెల్లదని తీర్పు ఇచ్చింది. కనిపెట్టినదానికంటే విస్తృతమైన హక్కులు కోరటం, వాటిని సకాలంలో వదులుకోకపోవటం అందుకు ముఖ్య కారణాలు. అప్పటికి ఆయన వయసు 93 సంవత్సరాలు. ఆ పేటెంటు గడువు తీరి రెండు దశాబ్దాలయింది.

పవర్ సప్లైలో వాల్వు

తొలి వాల్వు రేడియోలు, యాంప్లిఫయర్లు బ్యాటరీలతోనే పనిచేసేవి. ఫిలమెంటు వేడికి ఒక బ్యాటరీ, ప్లేటుకు అధిక వోల్టేజి ఇచ్చే మరొక బ్యాటరీ, గ్రిడ్‌కు ఇంకొకటి కావలసి వచ్చేవి. వీటిని తరచు మార్చటం ఖర్చుతో కూడిన పని. ఇంటికి వచ్చే ఏ.సి.ని నేరుగా ఇస్తే స్పీకరులో హోరు తప్ప మరేమీ వినపడదు. ఏ.సి.ని డి.సి.గా మార్చే సాధనం అవసరమయింది.

ఫ్లెమింగ్ వాల్వు పాత్ర ఇక్కడ తిరిగి మొదలయింది. 1915లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాల అధిక శూన్యం గల రెండు ఎలక్ట్రోడుల రెక్టిఫయరును కెనోట్రాన్ పేరుతో వెల్లడించింది. 1927లో రెండు ప్లేట్లు గల 80 రకం రెక్టిఫయర్ వాల్వు మార్కెట్టులోకి వచ్చింది. ఏ.సి. రెండు అర్ధభాగాలనూ వినియోగించుకునే ఈ వాల్వుతో రేడియోను గోడ ప్లగ్గుకు కలపటం సులభమయింది. ఆ తరువాత వచ్చిన 5వై3, 5యు4, ఈజెడ్ 80, జీజెడ్ 34 మొదలైనవి ఈ కుటుంబానికి చెందినవే. 1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వెలువడి ఇంటి నిర్మాతలను ఎంతగానో ఆకట్టుకున్న విలియమ్‌సన్ యాంప్లిఫయర్‌లో కూడా రెక్టిఫయర్ వాల్వే ఉంది. మన దేశంలో ఒకప్పుడు ఇళ్ళలో వినిపించిన ఏ.సి. వాల్వు రేడియోలలో అనేకం ఇటువంటి రెక్టిఫయర్ వాల్వుతోనే పనిచేసేవి.

ఇంటి యాంప్లిఫయర్‌కు పవర్ సప్లై ఎంపిక

ఏ యాంప్లిఫయర్‌కైనా స్పీకరుకు వెళ్ళే శక్తి అంతా పవర్ సప్లై నుండే రావాలి. యాంప్లిఫయర్ చేసే పని సంకేతాన్ని అనుసరించి ఆ శక్తిని వదలటం మాత్రమే. కావున సప్లై బలహీనమైతే మిగిలిన భాగాలు ఎంత మంచివైనా ఫలితం ఉండదు. సాధారణ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, కెపాసిటర్ అనే మూడు భాగాలుంటాయి.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి: ఉదాహరణకు 8 ఓముల స్పీకరుకు 20 వాట్లు ఇచ్చే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను తీసుకుందాం. స్పీకరు వద్ద గరిష్ఠ వోల్టేజి సుమారు 18, గరిష్ఠ విద్యుత్తు 2.2 ఆంపియర్లు. ట్రాన్సిస్టర్లలో నష్టానికి, లోడు పడినప్పటి తగ్గుదలకు కలిపి ధన, ఋణ సప్లైలు ఒక్కొక్కటి 22 నుండి 25 వోల్టులు ఉండాలి. 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 18 వోల్టులను 1.414తో గుణిస్తే 25.5 వస్తుంది. డయోడు నష్టం పోగా దాదాపు 24.5 వోల్టులు మిగులుతాయి. కావున ఇది సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వోల్టేజి ఏ.సి. విలువ అని, కెపాసిటర్ మీద వచ్చేది దాని శిఖర విలువ అని గుర్తుంచుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం: పూర్తి ధ్వనిలో పై యాంప్లిఫయర్ ఒక్కొక్క సప్లై నుండి సగటున 0.7 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు సప్లైలు కలిపి ఒక చానెల్‌కు సుమారు 34 వాట్లు, స్టీరియోకు 68 వాట్లు అవుతాయి. రెక్టిఫయర్, కెపాసిటర్ ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుండి విద్యుత్తు సన్నని, ఎత్తైన స్పందనలుగా వెళుతుంది. అందువల్ల అంతే సగటు విద్యుత్తుకు చుట్లు ఎక్కువ వేడెక్కుతాయి. ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 100 వోల్ట్-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవటం మంచిది.

కెపాసిటర్: 50 హెర్ట్జ్ ఏ.సి.ని పూర్తి తరంగ పద్ధతిలో మార్చినప్పుడు సెకనుకు 100 సార్లు కెపాసిటర్ నిండి, మధ్యలో ఖాళీ అవుతుంటుంది. ఈ ఎగుడుదిగుడునే అలజడి వోల్టేజి అంటారు. విద్యుత్తును 100తోను, ఫారడ్‌లలో కెపాసిటర్ విలువతోను భాగిస్తే అది ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 0.7 ఆంపియర్లకు 4,700 మైక్రోఫారడ్‌లు వాడితే అలజడి 1.5 వోల్టులు. స్టీరియోకు విద్యుత్తు రెట్టింపు కనుక దాదాపు 10,000 మైక్రోఫారడ్‌లు వాడితే అలజడి అంతే ఉంటుంది. కెపాసిటర్ వోల్టేజి పరిమితి సప్లై వోల్టేజి కంటే తగినంత ఎక్కువగా ఉండాలి. పై ఉదాహరణకు 35 వోల్టులు లేదా ఆపైన కావాలి.

రెక్టిఫయర్: ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు సిలికాన్ డయోడులే తగినవి. వాల్వు యాంప్లిఫయర్‌కు మాత్రం రెండు మార్గాలున్నాయి. వాల్వు రెక్టిఫయర్ నెమ్మదిగా వేడెక్కి వోల్టేజిని క్రమంగా పెంచుతుంది. కాని తనలోనే కొంత వోల్టేజిని పోగొడుతుంది. జీజెడ్ 34లో 225 మిల్లీ ఆంపియర్ల వద్ద ఈ నష్టం సుమారు 17 వోల్టులు. 5వై3లో 125 మిల్లీ ఆంపియర్ల వద్దనే సుమారు 60 వోల్టులు. పైగా మొదటి కెపాసిటర్ విలువకు పరిమితి ఉంటుంది. జీజెడ్ 34కు 60 మైక్రోఫారడ్‌లు, ఈజెడ్ 81కు 50 మైక్రోఫారడ్‌లు గరిష్ఠం. అంతకు మించితే స్విచ్చి వేసినప్పుడు కెపాసిటర్ లాగే విద్యుత్తు కాథోడును పాడుచేస్తుంది.

పాత యాంప్లిఫయర్‌లో వాల్వు రెక్టిఫయరును తీసి సిలికాన్ డయోడులు పెట్టేవారు ఒక విషయం తప్పక గమనించాలి. 300-0-300 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌లో డయోడులు వెంటనే 424 వోల్టుల వరకు ఇస్తాయి. మిగిలిన వాల్వులు వేడెక్కి విద్యుత్తు తీసుకునేవరకు ఆ వోల్టేజి తగ్గదు. అక్కడ 350 వోల్టుల కెపాసిటర్ ఉంటే అది పగిలిపోయే ప్రమాదముంది.

రక్షణ: ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు తప్పనిసరిగా ఫ్యూజు, లోహపు పెట్టెకు ఎర్తు కనెక్షను ఉండాలి. స్విచ్చి తీసివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. దానిని ఖాళీ చేయటానికి కెపాసిటర్‌కు సమాంతరంగా బ్లీడర్ రెసిస్టర్ అమర్చాలి. చేయి పెట్టేముందు మీటరుతో కొలిచి చూడాలి. నేడు విరివిగా దొరికే స్విచింగ్ సప్లైలు తేలికగా ఉన్నా, అవి 230 వోల్టుల ఏ.సి.ని ముందుగా దాదాపు 325 వోల్టుల డి.సి.గా మారుస్తాయి. కనుక అనుభవం లేనివారు వాటిని విప్పరాదు. తొలిసారి తయారుచేసేవారికి తక్కువ వోల్టేజి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, సాధారణ ట్రాన్స్‌ఫార్మర్ సప్లై శ్రేయస్కరం.

వ్యక్తిగత జీవితం

1887లో క్లారా రిప్లీ ప్రాట్‌ను వివాహమాడాడు. ఆమె 1917లో మరణించింది. 1933లో, 83 ఏళ్ళ వయసులో, ఆలివ్ మే ఫ్రాంక్స్ అనే గాయనిని పునర్వివాహం చేసుకున్నాడు. సంతానం లేదు. పర్వతారోహణ, ఫొటోగ్రఫీ, నీటిరంగుల చిత్రలేఖనం ఈయనకు ఇష్టమైన కాలక్షేపాలు. దృఢమైన క్రైస్తవ విశ్వాసం గల ఈయన డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని వ్యతిరేకించి, 1932లో ఏర్పడిన పరిణామవాద వ్యతిరేక సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఈ విషయంలో ఆనాటి జీవశాస్త్రవేత్తల అభిప్రాయం ఈయన అభిప్రాయానికి భిన్నమైనది.

పదవీ విరమణ తరువాత డెవాన్ తీరంలోని సిడ్మత్ పట్టణంలో నివసించాడు. 1930 నుండి మరణించేవరకు టెలివిజన్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1945 ఏప్రిల్ 18న తన 95వ ఏట సిడ్మత్‌లో మరణించాడు.

రచనలు, గౌరవాలు

ట్రాన్స్‌ఫార్మర్ గ్రంథంతో పాటు, విద్యుత్తరంగ టెలిగ్రాఫీ సూత్రాలపై 1906లోను, థర్మియానిక్ వాల్వుపై 1919లోను ఈయన గ్రంథాలు రచించాడు. 1934లో తన శాస్త్రీయ జీవిత జ్ఞాపకాలను ప్రచురించాడు.

• 1892 - రాయల్ సొసైటీ సభ్యత్వం
• 1910 - రాయల్ సొసైటీ వారి హ్యూస్ పతకం
• 1921 - రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారి ఆల్బర్ట్ పతకం
• 1928 - ఫారడే పతకం
• 1929 - సర్ బిరుదం
• 1933 - అమెరికా రేడియో ఇంజనీర్ల సంస్థ గౌరవ పతకం

స్మృతి

ఫ్లెమింగ్ నివసించిన లండన్‌లోని క్లిఫ్టన్ గార్డెన్స్ ఇంటి వద్ద స్మారక నీలి ఫలకం ఉంది. 1947లో ట్రాన్సిస్టర్ ఆవిష్కరణ తరువాత వాల్వులు క్రమంగా వాడుక నుండి తొలగిపోయాయి. ఏ.సి. నుండి డి.సి. అవసరమైన ప్రతిచోట రెక్టిఫయర్ బాధ్యతను సిలికాన్ డయోడు స్వీకరించింది. ఫోను చార్జరు మొదలుకొని యాంప్లిఫయర్ వరకు గోడ ప్లగ్గు నుండి శక్తి తీసుకునే పరికరాలలో అది ఉంటుంది. విద్యుత్తును ఒక దిక్కుకు పోనిచ్చి రెండవ దిక్కుకు ఆపటం అనే దాని పని, 1904లో ఫ్లెమింగ్ పాత దీపం చేసిన పనే. వినికిడి మందగించిన ఒక ఆచార్యుడు సంకేతాన్ని కంటితో చూడటానికి చేసిన సాధనం, సంగీతం వినిపించే యంత్రాలకు శక్తినిచ్చే భాగంగా స్థిరపడింది.